కుండబద్దలు కొట్టే గవర్నర్ గురించి రాసే ముందు

చిరంజీవికి,

అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి గవర్నర్‌గా చేసిన పాల్ లెపేజ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. సగానికి పైగా ఆయన నోటి దురుసుకే పోయింది. చదువుతుంటే సరదాగానే ఉంది కానీ, ఎనిమిదేళ్లు ఒక రాష్ట్రాన్ని ఏలిన మనిషి ఎలా ఏలాడన్నది మాత్రం చివరిదాకా తెలియలేదు. తిరగరాయాలి.

ముందు పదవి సంగతి తేల్చు. మన పాఠకుడికి గవర్నరంటే కేంద్రం నియమించే పెద్దమనిషి. అమెరికాలో గవర్నర్‌ని జనం ఎన్నుకుంటారు, అధికారంలో మన ముఖ్యమంత్రికి దగ్గర. తేడా ఏమిటంటే, శాసనసభలో బలం లేకపోయినా అవిశ్వాస తీర్మానంతో దింపలేరు. మెయిన్ రాష్ట్రంలో ఇంకో మెలిక ఉంది: అటార్నీ జనరల్ (ప్రభుత్వ న్యాయాధికారి), సెక్రటరీ ఆఫ్ స్టేట్ (ఎన్నికలు చూసే అధికారి), ట్రెజరర్ (ఖజానా అధికారి) ముగ్గురినీ శాసనసభే ఎన్నుకుంటుంది. రాష్ట్ర ప్రభుత్వంలో రాష్ట్రమంతా ఓటేసి గెలిపించేది గవర్నర్ ఒక్కణ్నే. 'నేను జనానికి తప్ప ఎవరికీ జవాబుదారీ కాదు' అన్న ఆయన ధోరణికి మూలం స్వభావంలోనే కాదు, ఈ ఏర్పాటులోనూ ఉంది. రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకు కదులు.

బాల్యం గురించి నువ్వు రాసింది సరిపోతుంది: ల్యూయిస్టన్‌లో ఫ్రెంచి మాట్లాడే పేద కుటుంబం, పద్దెనిమిది మంది పిల్లల్లో పెద్దవాడు, తండ్రి దెబ్బలకు పదకొండేళ్లకే ఇల్లు వదిలాడు. అయితే దాన్ని ఆయన ప్రతి మాటకూ సంజాయిషీగా వాడకు. గవర్నర్ కాకముందు మార్డెన్స్ అనే చౌక సరుకుల దుకాణాల సంస్థకు జనరల్ మేనేజర్‌, వాటర్‌విల్ పట్టణానికి మేయర్. పాలన తీరుకు ఈ రెండు ఉద్యోగాలే ఎక్కువ ఆధారం. దుకాణంలో మేనేజర్ చెబితే జరిగిపోతుంది. శాసనసభలో ఓట్లు కావాలి.

ఇక మాటల దగ్గరికి. ఏ మాట వాడినా నాలుగు వివరాలు పక్కన లేకపోతే కొట్టెయ్: ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఆ తర్వాత ఏమైంది. నాలుగోదాన్నే అందరూ వదిలేస్తారు. 2016 ఆగస్టు సంగతే చూడు. నార్త్ బెర్విక్ సభలో, పట్టుబడ్డ మత్తుమందు వ్యాపారుల ఫొటోలు ఒక ఫైల్లో పెట్టుకుంటున్నాననీ, వాళ్లలో 90 శాతం పైగా నల్లవాళ్లు, హిస్పానిక్‌లేననీ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు) అన్నాడు. ఆ వివాదంలోనే ప్రతినిధుల సభ సభ్యుడు డ్రూ గటైన్‌కి బూతులతో వాయిస్‌మెయిల్ పెట్టాడు. నువ్వు వాయిస్‌మెయిల్ దగ్గరే ఆగిపోయావు. సమాచార చట్టం కింద అడిగితే ఆ ఫైల్ బయటికొచ్చింది. చూస్తే సగానికి పైగా తెల్లవాళ్లే! బూతుని యథాతథంగా అచ్చేయనక్కర్లేదు, అది బూతని చెబితే చాలు. ఫైల్ సంగతి మాత్రం వదలకూడదు. మొహమాటం లేకుండా మాట్లాడటం వేరు, నిజం మాట్లాడటం వేరు. జనం ఈ రెంటినీ కలిపేసుకుంటారు, రాసేవాడు కలపకూడదు.

అసలు సరుకు వీటోల్లో, అంటే సభ ఆమోదించిన బిల్లుల్ని గవర్నర్ తిరస్కరించడంలో ఉంది. ఎనిమిదేళ్లలో 642. అంతకుముందు దాదాపు వందేళ్లలో గవర్నర్లందరూ కలిసి చేసినవి కూడా అన్ని లేవు. అంకె చెప్పి వదిలేయకుండా యంత్రం ఎలా తిరుగుతుందో చూపించు. బిల్లు బల్ల మీదికొచ్చాక గవర్నర్‌కి ఆదివారాలు పోను పది రోజుల గడువు. తిప్పి పంపితే, రెండు సభల్లోనూ హాజరైనవాళ్లలో మూడింట రెండొంతుల మంది కాదంటే వీటో చెల్లదు. ప్రతినిధుల సభలో 151 మంది, సెనేట్‌లో 35 మంది. అందరూ వస్తే 101, 24 కావాలి. అంటే సొంత పార్టీ రిపబ్లికన్లు కొందరు గట్టిగా నిలబడితే చాలు, గవర్నర్ మాటే నెగ్గుతుంది.

2015లో అదే తలకిందులైంది. రాష్ట్ర ఆదాయపు పన్ను ఎత్తేసే రాజ్యాంగ సవరణకు ఒప్పుకునేదాకా డెమొక్రాట్ల బిల్లు ప్రతిదీ వీటో చేస్తానన్నాడు. తర్వాత సొంతవాళ్ల బిల్లుల్నీ వదల్లేదు. విలేఖరుల ముందుకి క్రిస్మస్ చెట్టు, పంది బొమ్మలు తెచ్చి, బడ్జెట్‌లో దండగ ఖర్చులంటూ (వాటిని అక్కడ 'పోర్క్', అంటే పందిమాంసం అంటారు) శాసనసభను వెక్కిరించాడు. సొంత పార్టీవాళ్లు కూడా చేతులు కలపడంతో బడ్జెట్ వీటో నిలవలేదు. జూన్ 30న సభ వాయిదా పడింది. ఇక సభ మళ్లీ కూడేదాకా పది రోజుల గడువు లెక్కలోకి రాదని ఆయన నమ్మకం. జులై 16న సభ మళ్లీ కూడినప్పుడు 65 వీటోలు పట్టుకొస్తే, గడువు దాటిందని శాసనసభ తీసుకోలేదు. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమైన సుప్రీం జుడీషియల్ కోర్టుని ఆయనే సలహా అడిగాడు. అది తాత్కాలిక వాయిదాయే, పది రోజులు ఎప్పుడో అయిపోయాయని ఆగస్టు 6న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. గడువు దాటిపోవడంతో, ఆయన సంతకం లేకుండానే 65 బిల్లులూ చట్టాలైపోయాయి. ఇంతకన్నా మంచి ఘట్టం నీకు దొరకదు, వ్యాసంలో నాలుగో వంతు దీనికే ఇవ్వు. ఎవరితోనూ కూర్చుని మాట్లాడని నాయకుడికి 'అయ్యా, తేదీ చూసుకోండి' అని చెప్పేవాళ్లు కరువవుతారు. ఇది నా అభిప్రాయమే. నీ అభిప్రాయం వేరైతే అదే రాయి, కానీ తేదీలతో రాయి.

ఆ మొండితనం పనిచేసిన చోటు కూడా చూపించాలి, లేకపోతే వ్యాసం తిట్ల దండకమవుతుంది. రాష్ట్రం ఆసుపత్రులకు మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ వైద్య బీమా) కింద దాదాపు 48 కోట్ల డాలర్లు బాకీ పడింది. అందులో రాష్ట్రం వాటా 18 కోట్ల పైమాటే. అది తీర్చేదాకా, ఓటర్లు ఆమోదించిన బాండ్లను కూడా జారీ చేయనని భీష్మించాడు. 2013లో డెమొక్రాట్ల చేతుల్లో ఉన్న శాసనసభే, మద్యం ఆదాయం మీద అప్పు తెచ్చి తీర్చే పద్ధతికి ఒప్పుకుంది. ఇక్కడ ఆయన చేతిలో నిజంగానే ఒక మీట ఉంది: సంతకం పెట్టకపోతే బాండ్లు కదలవు. మెడికెయిడ్‌ని మరింత మందికి విస్తరించే విషయంలో ఆ మీట లేదు. వీటోల మీద వీటోలు వేసినా, 2017 ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 59 శాతం ఔనన్నారు. అమలు చేయడం కన్నా జైలుకైనా పోతానన్నాడు. అప్పటిదాకా ఆయనతో తగాదాపడ్డ అటార్నీ జనరల్ జానెట్ మిల్స్, 2019 జనవరిలో గవర్నరై రాగానే అమలుకి ఆదేశమిచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

కార్మిక శాఖ లాబీలోంచి కార్మికుల చరిత్ర చూపే పదకొండు పలకల కుడ్యచిత్రాన్ని తీయించిన కథ (2011 మార్చి) ఒక్క పేరాకి కుదించు. నువ్వు మూడు పేరాలు లాగావు.

'జనం ఆయన్ని భరించారు' అన్న వాక్యం తీసెయ్. 2010లో పలువురు పోటీలో ఉండగా సుమారు 38 శాతంతో గెలిచాడు, 2014లో 48 శాతంతో. భరించినవాళ్లు రెండోసారి ఓట్లు పెంచరు. 2022లో మూడోసారి నిలబడితే మిల్స్ చేతిలో ఓడిపోయాడు, అదీ రాయి. ఓట్ల లెక్కలన్నీ మెయిన్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ప్రకటించిన ఫలితాలతో సరిచూసి, వచ్చే వారానికి పంపు.

ఆశీస్సులతో.