క్రూజ్ సెట్ కావట్లేదా? ముందు బ్రేకు బల్బులు చూడండి

అన్నా, మీరు విడిగా కొని బిగించిన క్రూజ్ కంట్రోల్ కిట్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే బండి వేగాన్ని నిలిపి ఉంచేది) మొదట్లో బాగానే పనిచేసి, బ్రేకు లైట్లకు ఎల్ఈడీలు వేయించాక సెట్ కావట్లేదన్నారు కదా. మాడ్యూల్, అంటే కిట్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, పాడైందని అప్పుడే తేల్చేయకండి. ఇలాంటి చాలా కిట్లలో మాడ్యూల్ నుంచి బ్రేకు లైటుకు వెళ్లే బ్రేకు వైరుకు ఎర్త్ అందేది మామూలు బల్బు ఫిలమెంట్ గుండానే. ఎల్ఈడీ ఆ దారి ఇవ్వదు. బ్రేకు సర్క్యూట్ తెగిందనుకుని మాడ్యూల్ మొండికేస్తుంది. మంచిదే, అది మన భద్రత కోసమే.

ఇగ్నిషన్ ఆపి, పెడల్ మీద కాలు తీసేసి, ఆ వైరుకీ బాడీకీ మధ్య మల్టీమీటరుతో ఓమ్స్ చూడండి. ఫిలమెంట్ ఉంటే ఒకటి రెండు లోపే చూపిస్తుంది. వందలు, వేలు వస్తే ఇదే రోగం.

రెండువైపులా పాత 21 వాట్ల బల్బులు తిరిగి పెట్టేయమనే నేనంటాను. అయిదు పిన్నుల రిలే (కరెంటుతో నడిచే స్విచ్) కూడా పనిచేస్తుంది. పిన్నుల నంబర్ల ప్రకారం కలపండి: 86 బ్రేకు లైటు వైరుకి, 85, 87ఏ ఎర్త్‌కి, 30 మాడ్యూల్ బ్రేకు వైరుకి, 87 ఫ్యూజు ఉన్న 12 వోల్టులకి. కానీ రిలే కాయిల్ పోయిందంటే బ్రేకు తొక్కినా ఈ వైరు ద్వారా క్రూజ్ వదలదు.

సరిచేశాక, తెల్లవారుజామున ఎచ్చెర్ల–రణస్థలం మధ్య హైవే ఖాళీగా ఉన్నప్పుడు 60 కి.మీ. వేగంలో సెట్ చేసి, బ్రేకు కాస్త తాకండి, క్రూజ్ వెంటనే వదిలేయాలి. తర్వాత క్లచ్ కూడా అలాగే చూడండి. అది తొక్కగానే ఇంజిన్ ఒక్కసారిగా గర్జించిందంటే, క్లచ్ స్విచ్ వైరు కలపలేదన్నమాట.