స్కోరు రాయడం ఆడినట్టు కాదు

ప్రశ్న: మా బాబుకి పన్నెండేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. చేతులు బాగానే పనిచేస్తాయి, మెల్లగా నడుస్తాడు, పరుగెత్తబోతే తూలతాడు. ఆటల పీరియడ్ వస్తే వాణ్ణి పక్కన కూర్చోబెట్టి స్కోరు రాయమంటారు. అడిగితే "పడితే ఎవరిదండీ బాధ్యత" అంటున్నారు పీఈటీ సార్. గట్టిగా మాట్లాడితే ఆ కోపం పిల్లాడి మీద చూపిస్తారేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి

జవాబు: అడగండమ్మా, మీరు అడిగేది దయ కాదు. వైకల్యం ఉన్న పిల్లలకి బడి ఆటల్లో కూడా మిగతా పిల్లలతో సమానంగా చోటుండాలని 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం 30వ అధికరణంలోనే ఉంది. అయితే సార్ దగ్గర మాట అక్కణ్ణుంచి మొదలుపెట్టకండి, ఆయనది నిజంగా భయమే అయ్యుండొచ్చు.

ముందు బాబునే అడగండి, ఏం ఆడాలనుందని. తర్వాత ఫిజియోథెరపిస్టు చేత ఒక కాగితం రాయించండి, చెయ్యకూడనివే కాదు, చెయ్యగలిగినవి కూడా. వార్మప్ ఎక్కువసేపు చేయించాలని, అలసట త్వరగా వస్తుంది కాబట్టి మధ్యలో కాసేపు ఆపాలని అందులో ఉంటే సార్‌కీ ధైర్యం. పడతాడా అంటే, ఆడే పిల్లలందరూ పడతారు.

ఇక ఆట సంగతి. వారానికి ఒక్క పీరియడ్ క్లాసు మొత్తాన్నీ నేల మీద కూర్చోబెట్టి వాలీబాల్ ఆడించమనండి, నెట్ మీటరు ఎత్తుకి దించితే చాలు. సిట్టింగ్ వాలీబాల్ పారాలింపిక్స్‌లో ఉన్న ఆటే, అందరూ కూర్చునే ఆడతారు కాబట్టి పరుగెత్తేవాడికి ఆ పరుగుతో పనుండదు, చేతులు చురుగ్గా ఉన్నవాడే గెలుస్తాడు. బోచియా అని ఇంకోటుంది, తెల్ల బంతికి వీలైనంత దగ్గరగా మన బంతులు వెయ్యాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ల కోసమే మొదట తయారైన ఆట, 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది, క్లాసులో ఎవరైనా ఆడొచ్చు. క్రికెట్టా, తన బదులు పరుగెత్తడానికి బై రన్నర్‌ని ఇస్తే బ్యాటింగ్ చేస్తాడు.

రూల్ మారిస్తే ఆట చెడిపోతుందంటారేమో. వీల్‌చైర్ టెన్నిస్‌లో బంతి రెండుసార్లు నేలకి తగిలాక కొట్టినా చెల్లుతుంది, ఆ పోటీలు చూసినవాళ్లెవరూ అది టెన్నిస్ కాదనరు. ఒక్కటి మాత్రం ఒప్పుకోకండి, మూలన వాడొక్కడికీ వేరే ఆట పెట్టడం, లేదా జాలిపడి కావాలని ఓడిపోవడం. పిల్లలకి అది వెంటనే తెలిసిపోతుంది, చాలా నొచ్చుకుంటారు.

స్కోరు రాసే పని వంతులవారీగా అందరికీ ఇమ్మనండి. తన వంతు వచ్చిన రోజు మీవాడూ రాస్తాడు.