పాప కడుపునొప్పికి లక్ష అప్పు వద్దు

ప్రశ్న: మాది దేవరకొండ. కిరాణా దుకాణం మీద నెలకు 32 వేలు వస్తే ఇంటికి 24 వేలు, చిట్టీకి 5 వేలు పోతాయి. ఏడేళ్ల పాపకు నాలుగు నెలలుగా బొడ్డు చుట్టూ నొప్పి. తిండి, ఆట, బరువు మామూలే. నల్లగొండలో చూపిస్తే హైదరాబాద్‌లో పిల్లల జీర్ణకోశ నిపుణుల దగ్గరకు పంపారు. స్కానింగ్, ఎండోస్కోపీ అన్నీ చేసి మలబద్ధకమేనన్నారు. మందు పది రోజులు వాడి ఆపేశాం. నొప్పి మళ్లీ వచ్చింది. బంగారం మీద 40 వేలు, లోన్ యాప్‌లో 15 వేలు తెచ్చి పెట్టాను. పరీక్షల కోసం ఒక రోజు ఆసుపత్రిలో చేర్చినా బీమా కంపెనీ క్లెయిమ్ ఇవ్వలేదు. ఇప్పుడు ఇంకో పెద్ద క్లినిక్‌లో కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేయించమంటున్నారు. మొత్తం లక్ష దాకా అవుతుందట. నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలా, మిగిలిన బంగారం కూడా కుదువ పెట్టాలా?

జవాబు: రెండూ వద్దు. ఇలాంటి ప్రశ్నలు మిర్యాలగూడ నుంచీ నాగర్‌కర్నూల్ నుంచీ కూడా వస్తున్నాయి కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. పెద్ద డాక్టరు పేరు రాసిన చీటీ చేతికి రాగానే, తెల్లవారేలోగా ఎక్కడో ఒకచోట డబ్బు పుట్టించాలనుకోవడమే అందరూ చేస్తున్న పొరపాటు. చేతిలో సొంత డబ్బు లేని మనిషికి ఆగి ఆలోచించే ధైర్యం ఉండదు. భయం ముందు నడుస్తుంది, అప్పు వెనకే వస్తుంది.

వైద్యం నా పని కాదు. అయినా పిల్లల డాక్టర్లు పదే పదే చెప్పే ప్రమాద సూచనలు కొన్ని ఉన్నాయి: బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం, మలంలో రక్తం, ఆకుపచ్చటి వాంతులు, తగ్గని జ్వరం, పాపను నిద్రలోంచి లేపేసే నొప్పి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డబ్బు లెక్క పక్కన పెట్టి ఆ రోజే బయలుదేరండి. మీ ఉత్తరంలో ఒక్కటీ కనిపించలేదు. పైగా పిల్లల మలబద్ధకానికి మందు సాధారణంగా కనీసం రెండు నెలలైనా వాడాల్సి ఉంటుంది. మీరు పది రోజులకే ఆపేశారు. పూర్తికాని వైద్యం మీద మరో లక్ష పెట్టబోతున్నారు.

పాత రిపోర్టులన్నీ తీసుకుని నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరును కలవండి. ఒక్క మాట అడగండి: "ఈ పరీక్షలో ఏం తేలితే పాప వైద్యం మారుతుంది?" దానికి స్పష్టమైన జవాబు దొరికేదాకా హైదరాబాద్ బస్సు ఎక్కకండి. తల్లికి టికెట్టు ఉచితమే కావచ్చు, మూసిన దుకాణానికి నష్టం మీదే.

ఇక మూడు రూపాయల వడ్డీ. లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు, అసలు అలాగే ఉంటుంది. మీకు నెలాఖరుకు మిగిలేది సరిగ్గా ఆ మూడు వేలే! పాపకు జ్వరం వచ్చినా, దుకాణంలో ఫ్రిజ్ చెడిపోయినా మళ్లీ అప్పే. ఇంత తెలిసీ ఆ నోటు మీద సంతకం పెట్టడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. లోన్ యాప్ జోలికి మళ్లీ వెళ్లవద్దు.

బీమా కంపెనీ మీద కోపం అర్థమవుతుంది. కానీ కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరితే ఖర్చు ఇవ్వకూడదన్న మినహాయింపు దాదాపు అన్ని ఆరోగ్య పాలసీల్లోనూ ఉంటుంది. కోపంతో పాలసీ మానేయకండి. ఆపరేషన్ అవసరమైన రోజున అదే ఆదుకుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలున్నా, ప్రైవేటు క్లినిక్ ఓపీ బిల్లులు దాని కిందికి రావు. అంటే స్కానింగులు, రక్తపరీక్షలు, డాక్టర్ల ఫీజులు మీ జేబులోంచే పోవాలి. అందుకే అత్యవసర నిధి, అత్యవసర నిధి అని నేను ఇంతగా మొత్తుకునేది.

మీకు ఆ నిధి సున్నా. చిట్టీ ఇంకా పాడలేదంటే ఇప్పుడు పాడుకోండి. వచ్చిన డబ్బుతో ముందు యాప్ అప్పు పూర్తిగా తీర్చండి. తర్వాత పాతిక వేలు, దుకాణం లావాదేవీలతో సంబంధం లేని వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. మిగిలింది బంగారం అప్పుకు కట్టండి. "బంగారం మొత్తం విడిపించాక నిధి సంగతి చూద్దాం" అనుకోవద్దు. నిధి లేకుండా విడిపించిన బంగారం తర్వాతి జ్వరానికే మళ్లీ కుదువకు పోతుంది. నెలనెలా మిగిలే మూడు వేలు బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పోస్టాఫీసుది ఐదేళ్లది, ఈ అవసరానికి పనికిరాదు. పాతిక వేలు 72 వేలయ్యేదాకా, అంటే మూడు నెలల ఇంటి ఖర్చు చేరేదాకా, మ్యూచువల్ ఫండ్లు, కొత్త చిట్టీలు, ప్లాట్లు ఏవీ వద్దు. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు మీ భార్య దగ్గర ఉంచండి. దుకాణంలో సరుకు తక్కువైందని అందులోంచి తీయకండి.