వరలక్ష్మీ వ్రతం మొదటిసారి చేసేవాళ్ళకు: కలశం జారకుండా, పూర్ణాలు పేలకుండా

మీరు అడిగినవి మూడు. అత్తవారింట్లో ఆనవాయితీ లేకపోయినా వరలక్ష్మీ వ్రతం పట్టవచ్చా? కలశానికి చీర కట్టి అమ్మవారిని నిలబెడితే మధ్యలో ఒరిగిపోకుండా ఏం చేయాలి? ఉద్యోగానికి వెళ్తూ తొమ్మిది రకాల నైవేద్యం ఎలా?

మొదటిదానికి వ్రతకథలోనే జవాబుంది. పరమశివుడు పార్వతికి చెప్పిన కథ ఇది. మగధ దేశంలో కుండినమనే పట్టణంలో ఉండే చారుమతికి అమ్మవారు కలలో కనిపించి, శ్రావణ శుక్ల పూర్ణిమకు ముందు వచ్చే శుక్రవారం తనను పూజించమంటుంది. ఆమె లేచి భర్తకూ అత్తమామలకూ చెబుతుంది, ఊళ్ళో ఆడవాళ్ళందరితో కలిసి చేస్తుంది. వాళ్ళలో ఎవరికీ అంతకుముందు ఆనవాయితీ లేదు. కాబట్టి నిశ్చింతగా మొదలుపెట్టండి. కలశం సంగతి మాత్రం అత్తగారిని ఒక మాట అడగండి. కొన్ని ఇళ్ళలో కలశం పెట్టరు, పటానికో విగ్రహానికో పూజ చేసుకుంటారు. వాళ్ళు వద్దంటే పటంతోనే చేయండి. తోరం, కథ, వాయనం అన్నీ అలాగే ఉంటాయి, వ్రతానికి లోటేమీ రాదు. పెళ్ళయిన మొదటి శ్రావణమైతే మంగళవారాల్లో పట్టే మంగళగౌరీ నోము వేరు, ఇది వేరు. దాన్నీ దీన్నీ కలిపేయకండి.

తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. "శ్రావణంలో రెండో శుక్రవారం" అని లెక్క పెట్టుకుంటే కొన్నేళ్ళు తప్పుతుంది. 2025లో శ్రావణ పాడ్యమే శుక్రవారం, జులై 25న వచ్చింది. రెండో శుక్రవారం ఆగస్టు 1, కానీ పూర్ణిమ 9న కాబట్టి వ్రతం 8న, అంటే మూడో శుక్రవారం. 2023లో అధిక శ్రావణం వచ్చింది. అధిక మాసంలో వ్రతాలు పట్టరు గనుక నిజ శ్రావణంలో ఆగస్టు 25న చేశారు. పూర్ణిమే శుక్రవారం పడితే పంచాంగాలు రెండు మాటలు చెబుతాయి. 2022లో అలాగే ఆగస్టు 12 శుక్రవారం పూర్ణిమ అయింది, కొందరు 5న, కొందరు 12న చేసుకున్నారు. అలాంటప్పుడు మీ ఇంట్లో వాడే పంచాంగం ఏదంటే అదే. విదేశాల్లో ఉన్నవాళ్ళు మీ ఊరి పంచాంగం చూసుకుని, మీ ఊరి శుక్రవారం నాడే చేయాలి. ఇండియాలో పూజ టైముకి కలవాలని గురువారం రాత్రి చేయనక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఈ వ్రతంలో శుక్రవారం పొద్దున్న జరిగే కంగారంతా గురువారం సాయంత్రం చేయని పనుల వల్లే. చీర కుచ్చిళ్ళు, కొబ్బరికాయకు పసుపు, తోరాలు, శనగలు నానబెట్టడం, పూర్ణం ముద్ద. ఈ ఐదూ గురువారమే అయిపోవాలి.

కలశానికి చెంబు మూతి చూసి ఎంచుకోండి. కాయ మూడో వంతు లోపలికి దిగి కూర్చోవాలి. మూతి వెడల్పయితే కాయ లోపలికి జారుతుంది, ఇరుకైతే పైన దొర్లుతుంది. కొన్న కాయను ఆ చెంబు మీదే పెట్టి, ముందు ఐదు మామిడాకులు కూడా ఉంచి చూడండి, ఆకులు వేశాక కాయ కూర్చునే తీరు మారుతుంది. పీచు తీసి పైన పిలక ఉంచిన కాయ కావాలి. ఊపి నీళ్ళ చప్పుడు విని, కళ్ళ దగ్గర తడి ఉందేమో తడిమి తీసుకోండి. సన్నటి పగులున్న కాయ రాత్రంతా చెమ్మ కారుతూ పసుపుని కరిగిస్తుంది.

చెంబులో నీళ్ళా, బియ్యమా అన్నది ఇంటి పద్ధతి. చిన్న కలశమైతే నీళ్ళు బాగుంటాయి, ఆకులు వాడవు. చీర కట్టి, నగలు వేసేట్టయితే బియ్యమే మేలంటాను. చీర కుచ్చిళ్ళు, హారాలు, పూలదండ అన్నీ ముందువైపే వేలాడతాయి, బరువంతా అటే లాగుతుంది. చెంబు ముప్పాతిక వంతు బియ్యంతో నిండితే అడుగు బరువెక్కి నిలుస్తుంది. లోపల పసుపు కొమ్ము, వక్క, నాణెం, కాసిని అక్షింతలు వేయండి.

చీరను పొడవు వెంట సగానికి మడిచి, పైట కోసం ఒక మీటరు వదిలి, మిగతాదంతా నాలుగు వేళ్ళ వెడల్పున కుచ్చిళ్ళు పెట్టండి. పై అంచుకు రెండంగుళాలు కింద నాడాతో బిగించి, ఇస్త్రీ పెట్టె ఒకసారి ఆనించి, రాత్రికి అలాగే పరుపు కింద ఉంచితే పొద్దున విప్పగానే విసనకర్రలా పరుచుకుంటుంది. సగం మడిచిన చీర కూడా ఇరవై అంగుళాలు దాటుతుంది, చెంబు ఎత్తు ఏడెనిమిది అంగుళాలే. అందుకే చెంబు కింద ఎత్తు కావాలి. దానికి గిన్నె బోర్లించవద్దు. నిండా బియ్యం పోసిన స్టీలు డబ్బా పెట్టి, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో బియ్యం, ఆ బియ్యంలో చెంబు కాస్త దిగేలా కూర్చోబెట్టండి. వెనక ఒక కర్రను చెంబు మెడకు అడ్డంగా కట్టి, దండలు, హారాలు ఆ కర్రకు తగిలించండి. కాయ మీద అమ్మవారి ముఖం, పిలక చుట్టూ కోణంలా మడిచిన రవికెల గుడ్డ తప్ప ఇంకే బరువూ ఉండకూడదు.

ముఖం జారిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ తడి పసుపే. పసుపులో నాలుగు చుక్కల నీళ్ళు మాత్రమే వేసి ముద్దలా కలిపి, గురువారమే కాయకు పట్టించి ఆరనివ్వండి. ఆరాక వెండి ముఖాన్ని దాని రంధ్రాల్లోంచి దారం తీసి కాయ వెనక ముడి వేయండి. ముఖానికీ కాయకూ మధ్య సందుంటే గట్టిగా కలిపిన గోధుమపిండి ముద్ద పెడితే కదలదు. వెండి ముఖం లేకపోతే కాయకే కాటుకతో కళ్ళు, కుంకుమతో బొట్టు దిద్దండి. అది కూడా నిండైన రూపమే.

దీపాలు చీరకు కనీసం ఒక మూర దూరంలో, పక్కలకు పెట్టండి. పట్టుచీర కుచ్చిళ్ళ ముందు దీపం పెట్టి ఫోటో తీసుకోవాలనుకోవడం ప్రమాదం. ఫ్లాట్లలో పొగ అలారం ఉంటే సాంబ్రాణికి బదులు అగరొత్తి చాలు, హారతి కర్పూరం చిన్న ముక్క వాడి కిటికీ తీసి ఉంచండి.

తోరానికి తెల్ల నూలు దారం తొమ్మిది పోగులు తీసి పసుపు రాసి, తొమ్మిది ముడులు వేయాలి. ముడుల మధ్య పువ్వు పెడతారు. దారం మణికట్టు కొలతకే కోస్తే తొమ్మిది ముడులకు సగం తినేసి చేతికి చాలదు. ఒక మూర పొడవు తీసుకోండి. అమ్మవారికి ఒకటి, మీకు ఒకటి, పేరంటానికి వచ్చేవాళ్ళలో కట్టించుకునేవాళ్ళకు తలా ఒకటి. ముందు వాటిని అమ్మవారి దగ్గర పెట్టి ముడికో నామంతో పూజిస్తారు: కమలాయై నమః మొదలుకొని రమాయై, లోకమాత్రే, విశ్వజనన్యై, మహాలక్ష్మ్యై, క్షీరాబ్ధితనయాయై, విశ్వసాక్షిణ్యై, చంద్రసోదర్యై, చివరికి శ్రీ వరలక్ష్మ్యై నమః నవమగ్రంథిం పూజయామి. ఆ తర్వాత "బధ్నామి దక్షిణే హస్తే నవసూత్రం శుభప్రదం" అని చదువుతూ కుడిచేతికి కట్టుకోవాలి. ఒంటి చేత్తో ముడి పడదు, పక్కన ఎవరైనా ఉండేలా చూసుకోండి.

పూజ వరసలో కొత్తవాళ్ళు తడబడేది ఒక్కచోటే. పుస్తకంలో "కలశపూజ" అని రాగానే పెద్ద కలశానికి చేసేస్తారు. అది కాదు. పసుపు గణపతి పూజ అయ్యాక చేసే కలశారాధన, పూజకు వాడే నీళ్ళున్న చిన్న గ్లాసుకో చెంబుకో చేసేది. దానికి గంధం, కుంకుమ పెట్టి, పువ్వు వేసి, చేయి మూసి మంత్రం చదివి, ఆ నీళ్ళు దేవుడి మీద, ద్రవ్యాల మీద, మన మీద చల్లుకుంటాం. అమ్మవారి కలశానికి ధ్యానం, ఆవాహనం అక్కడి నుంచి మొదలవుతాయి. తర్వాత షోడశోపచారాలు, అంగపూజ, అష్టోత్తరం, నైవేద్యం, తాంబూలం, హారతి, తోరపూజ, తోరబంధనం, కథ. కథ చదివేటప్పుడు అందరి చేతుల్లో అక్షింతలు ఉండాలి. చారుమతి వాళ్ళు మొదటి ప్రదక్షిణ చేయగానే కాళ్ళకు గజ్జెలు ఘల్లుమనడం, రెండోదానికి చేతులకు నవరత్న కంకణాలు, మూడోదానికి ఒంటినిండా నగలు రావడం ఉంటుంది కదా, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చదవాల్సిన భాగం అది. అన్నీ కలిపి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. అంతవరకు ఉపవాసం. గర్భిణులు, మందులు వేసుకునేవాళ్ళు పాలో పండో తీసుకుని కూర్చోవచ్చు, కడుపు మాడ్చుకుని కళ్ళు తిరిగేలా చేయమని ఎవరూ చెప్పలేదు.

నైవేద్యం తొమ్మిది రకాలు పెట్టడం ఓపిక ఉన్నవాళ్ళ ముచ్చట. పూర్ణాలు, పులిహోర, పరమాన్నం, నానబోసిన శనగలు చాలు. పరమాన్నంలో బెల్లం వేడి మీద వేస్తే పాలు విరుగుతాయి, దించి కాస్త చల్లారాక కలపండి. అసలు ఇబ్బంది పెట్టేవి పూర్ణాలే.

పావుకిలో శనగపప్పు, పావుకిలో బెల్లం, నాలుగైదు యాలకులు. తోపు పిండికి, అంటే ఉండను ముంచే పైపొర పిండికి, ఒక వంతు మినప్పప్పు, రెండు వంతుల బియ్యం. వంద గ్రాముల పప్పు, రెండొందల బియ్యం సరిపోతాయి, పాతిక దాకా వస్తాయి. శనగపప్పు గంట నానబెట్టి మామూలు గిన్నెలో ఉడికించండి. వేళ్ళ మధ్య నలిపితే నలగాలి, గింజ మాత్రం గింజగానే కనిపించాలి. కుక్కర్లో ఎక్కువ విజిల్స్ వస్తే గుజ్జయిపోయి నీళ్ళు విడవదు. నీళ్ళు పూర్తిగా వార్చి (అవి చారుకు వాడుకోండి), బెల్లం వేసి గరిట నిలబడేదాకా దగ్గరపడనిచ్చి, చల్లారాక ఉండలు కట్టుకోండి. ఇది గురువారమే చేసి ఫ్రిజ్‌లో పెట్టినా పర్వాలేదు, కానీ వేయించే ముందు చల్లదనం పోవాలి.

నూనెలో పూర్ణం పేలిందంటే తోపులో ఎక్కడో సూది మొనంత చోటు ఖాళీ ఉందని. పిండి పల్చగా ఉంటే ఉండ మీద నిలవక జారి ఆ ఖాళీ వస్తుంది. ఒక చెంచా బియ్యప్పిండి కలపండి. మరీ చిక్కగా ఉంటే పైపొర చెక్కలా అవుతుంది. ఉండను ముంచి తీస్తే పప్పు రంగు బయటికి కనబడకూడదు, అదే కొలత. పూర్ణమే పల్చగా ఉండి ఉండ కట్టకపోతే మళ్ళీ పొయ్యి మీద పెట్టి కాసేపు తిప్పండి, అప్పటికీ కుదరకపోతే ఎండుకొబ్బరి పొడి కలపండి. నూనె కాగాక మధ్యస్థం మంటలో నాలుగైదే వేసి, పైపొర గట్టిపడేదాకా గరిట పెట్టకండి. వేయగానే కదిపితే పొర చిరుగుతుంది. పిండి పులిసినా పూర్ణాలు నూనె పీలుస్తాయి, కాబట్టి రుబ్బడం మాత్రం శుక్రవారం పొద్దున్నే.

వాయనంలోకి రెండు తమలపాకులు, రెండు వక్కలు, రెండు అరటిపళ్ళు, పసుపు, కుంకుమ, పువ్వులు, శనగలు, కుదిరితే రవికెల గుడ్డ. శనగలు నానాక నీళ్ళు వంచి, పొడి గుడ్డ మీద పరచండి. శ్రావణంలో గాలి చెమ్మగా ఉంటుంది, కవర్లో తడిగా కట్టి ఉంచితే సాయంత్రానికి జిగురొచ్చి వాసన వేస్తాయి. వచ్చిన ముత్తయిదువకు బొట్టు పెట్టి, కాళ్ళకు పసుపు రాసి, "ఇస్తినమ్మా వాయనం", "పుచ్చుకుంటినమ్మా వాయనం" అనుకుంటూ కొంగు కప్పి ఇవ్వండి. ఎంతమంది రావాలన్న లెక్కేమీ లేదు. పరాయి దేశంలో ఒక్కరు దొరికినా వాయనం వాయనమే.

ఆ శుక్రవారమే మైలో, పురుడో, నెలసరో అడ్డొస్తే బెంగపడకండి. శ్రావణంలో మిగిలిన ఏ శుక్రవారమైనా చేసుకోవచ్చు, పెద్దలు అనాదిగా చేస్తున్నదే.

శుక్రవారం రాత్రి కలశం కదపరు. శనివారం పొద్దున దీపం పెట్టి, పాలో పండో నివేదించి, హారతి ఇచ్చి, "యథాస్థానం ప్రవేశయామి" అని కలశాన్ని కొద్దిగా ఉత్తరానికి జరిపితే ఉద్వాసన అయినట్టు. కొన్ని ఇళ్ళలో శనివారం కదపకుండా ఆదివారం తీస్తారు, మీ పెద్దవాళ్ళ మాట వినండి. బియ్యం పరమాన్నానికో ఇంట్లో అన్నానికో వాడాలి, చెంబులో నీళ్ళుంటే ఇంట్లో చల్లి మిగిలినవి మొక్కలకు పోయాలి. కాయను కొట్టి తీపి వంటకు వాడుకోవచ్చు, అయితే రెండు రోజులు పసుపు పట్టి ఉంది గనుక ముందు వాసన చూడండి. వెండి ముఖాన్ని తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాకే నూలు గుడ్డలో చుట్టి దాచండి, ముక్కు పక్కన, కళ్ళ అంచుల్లో ఇరుక్కున్న పసుపుని మెత్తటి బ్రష్‌తో తీసేయండి, లేకపోతే మళ్ళీ ఏడాది తీసేసరికి అక్కడ నల్లగా పట్టేసి ఉంటుంది.