స్లాబ్ లేని 1911-డి రెండున్నర డాలర్ల బంగారు నాణెం: కొనవచ్చా?

మీ ప్రశ్న: అమెరికాలో ఒక దుకాణంలో స్లాబ్ (గ్రేడింగ్ సంస్థ నాణేన్ని పరీక్షించి సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బా) లేని 1911-డి ఇండియన్ హెడ్ రెండున్నర డాలర్ల నాణెం ఉంది, ‘ఏయూ-58’ (దాదాపు వాడని నాణేనికిచ్చే గ్రేడు) అని ధర చెబుతున్నారు, కొనవచ్చా అని. ఆ ధరకైతే వద్దు. అయినా మనసు లాగుతుంటే గ్రేడు సంగతి పక్కనపెట్టి, ముందు ఆ డి అక్షరాన్ని పరీక్షించండి.

1911లో ఫిలడెల్ఫియా టంకశాల ఇలాంటివి 7 లక్షలకు పైగా కొట్టింది, డెన్వర్ 55,680 మాత్రమే. డి అక్షరం డెన్వర్ గుర్తు. ఫిలడెల్ఫియావాటికి అక్షరం ఉండదు కాబట్టి, మామూలు 1911 నాణేనికి డి అతికించి అమ్మడం పాత మోసమే. అక్కడ నాణెమూ బంగారమూ అసలువే. 4.18 గ్రాముల బరువు, 18 మిల్లీమీటర్ల వ్యాసం చక్కగా సరిపోతాయి. తూకం మిమ్మల్ని కాపాడదు.

డి ఉండేది గద్ద వైపు, కింద ఎడమన, బాణాల మొనల దగ్గర. ఈ నాణెంలో బొమ్మ లోపలికి దిగి ఉంటుంది, డి మాత్రం పైకి లేచి ఉంటుంది. దాన్ని అచ్చులోకి విడిగా కొట్టడమే కారణం. 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) కింద నాణేన్ని తిప్పుతూ, అక్షరం నాణేన్ని అంటుకున్న చోటు చూడండి. చుట్టూ సన్నని గాడి, రంగు తేడా, గీకిన గుర్తులు, అక్కడ మాత్రమే చచ్చిపోయిన మెరుపు, వీటిలో ఏది కనిపించినా వదిలేయండి. అసలు వాటిలో కూడా కొన్నింటికి డి చాలా పలచగా పడింది. ‘వీక్ డి’ అంటారు, ధర బాగా తక్కువ. ముఖం వైపు కుడి అంచున సన్నని తీగలాంటి గట్టు ఉంటే మంచి సూచనే గానీ, దాని ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకోకండి.

ఇక గ్రేడు. బొమ్మ లోపలికి ఉండటం వల్ల చదునైన ఖాళీ భాగమే అన్నిటికన్నా ఎత్తు, రాపిడి ముందు దానికే తగులుతుంది. గది దీపాలు ఆపి, ఒకే బల్బు కింద నాణేన్ని వాలుస్తూ చూడండి. ఖాళీ భాగంలో, చెక్కిలి ఎముక మీద, గద్ద రెక్క భుజం మీద మెరుపు తెగిందా? తెగితే అరుగుదల, అంటే ఏయూ. వివరాలు మందంగా ఉన్నా మెరుపు తెగకుండా సాగితే అది బలహీనమైన ముద్ర మాత్రమే. ఏయూ-58కీ ఎంఎస్-61కీ (అసలు వాడని నాణేనికిచ్చే గ్రేడు) మధ్య తగువంతా ఇక్కడే.

మెరుపు మరీ ఎక్కువగా ఉండి, సన్నని గీతలన్నీ ఒకే దిక్కున పోతుంటే తోమారని అర్థం. పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి గ్రేడింగ్ సంస్థలు అలాంటి దానికి అంకె ఇవ్వవు, ‘డీటెయిల్స్’ (అసలుదే గానీ పాడైంది) అని రాసి పంపుతాయి. అంచు మీది గాడులను కూడా చుట్టూ చూడండి. ఒకప్పుడు లాకెట్‌గా వేసుకున్నదైతే ఒకచోట టంకం మరకో, ఆకురాయి పెట్టిన గుర్తో దొరుకుతుంది. కొన్నాక నగల్లా కుంకుడు రసంలో రుద్దకండి. ఎర్రటి చుక్కలుంటే అవి 10 శాతం రాగివి, అలాగే ఉండనివ్వండి. మెత్తటి ప్లాస్టిక్ కవరు వల్ల పచ్చని జిగురు అంటితే, గాలి ఆడే చోట, మంటకు దూరంగా, గాజు గిన్నెలో శుద్ధమైన ఎసిటోన్ పోసి ముంచి తీయండి, తుడవొద్దు. గోళ్ల రంగు తీసే ద్రవం దీనికి పనికిరాదు.

స్లాబ్‌లో ఉన్నది దొరికితే దాని మీది నంబరును గ్రేడు ఇచ్చిన సంస్థ సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోతో గీతలు పోల్చండి. నకిలీ స్లాబులూ తిరుగుతున్నాయి. మీ దుకాణదారు మాత్రం, సర్టిఫికేషన్‌లో డి అసలుది కాదని తేలినా, ‘డీటెయిల్స్’ అని వచ్చినా మొత్తం డబ్బు వెనక్కి ఇస్తానని బిల్లు మీద రాసిస్తే అప్పుడు మాట్లాడొచ్చు. నోటి మాట మీద వద్దు.