బీఓ బ్యాగులో స్టాంపులు తక్కువొచ్చాయి, స్లిప్ ప్రకారం ఎక్కించాలా?

బ్రాంచి పోస్టాఫీసులో (బీఓ) కొత్తగా బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌గా (బీపీఎం) చేరిన మీరు అడిగింది ఇది: మీ లెక్కలు చూసే పై పోస్టాఫీసు, అంటే అకౌంట్ ఆఫీసు నుంచి వచ్చిన బ్యాగులో రెవెన్యూ స్టాంపులు, ఏమేం పంపారో రాసి పెట్టే బీఓ స్లిప్‌లో రాసినదానికంటే తక్కువున్నాయి, ఫోన్ చేస్తే "ముందు ఎక్కించెయ్, రేపు సర్దుతాం" అన్నారు, ఇప్పుడేం చేయాలి, అసలు సామాను తీసుకునేటప్పుడు, పంపేటప్పుడు పద్ధతి ఏంటి అని.

ఎక్కించకండి. స్లిప్‌లో 500 రూపాయల స్టాంపులని ఉండి చేతికి 400 వస్తే మీ లెక్కలోకి 400 మాత్రమే రావాలి. అదే రోజు డైలీ అకౌంట్‌లో, అంటే రోజూ పంపే లెక్కలో తేడా రాయండి, తప్పులూ తేడాలూ నమోదు చేసే ఎర్రర్ బుక్‌లో రాసి దాని నకలు అకౌంట్ ఆఫీసుకు పంపండి, మీ సబ్ డివిజన్ ఇన్‌స్పెక్టర్‌కు కూడా ఒక ముక్క తెలియజేయండి. ఫోన్‌లో ఎవరు ఎంత ప్రేమగా మాట్లాడినా సరే, ఆ మాట రేపు కాగితం మీద ఉండదు. ఒకసారి ఎక్కించాక ఆ వంద రూపాయలు మీ బాకీ, ఎప్పుడో తనిఖీకి తిరిగే ఓవర్‌సీర్ చెప్పకుండా వచ్చి క్యాషూ స్టాంపులూ లెక్కపెడితే తక్కువ మీ దగ్గరే కనబడుతుంది. జేబులోంచి కట్టేస్తే అయిపోయేదైతే పర్వాలేదు, ప్రభుత్వ సొమ్ము వాడుకున్నారన్న అనుమానం మొదలైతే పుట్ ఆఫ్ డ్యూటీ దాకా, అంటే విచారణ తేలేవరకు విధుల నుంచి పక్కన పెట్టేదాకా వెళ్తుంది.

నేను మొదట బీఓలో చేసి తర్వాత పరీక్ష రాసి, బీఓల బ్యాగులు కట్టే సబ్ ఆఫీసుకు వెళ్లాను, కాబట్టి బ్యాగు విప్పడమూ తెలుసు, కట్టడమూ తెలుసు. కట్టే చోట ఏం జరుగుతుందంటే, పొద్దున్నే బండి వెళ్లిపోయే టైముకి అన్ని బీఓల బ్యాగులూ ఒకే బల్ల మీద పెట్టుకుని ఒకరే చకచకా సర్దుతుంటారు, ఒక ఊరి కవరు పక్క ఊరి బ్యాగులో పడటం పెద్ద వింతేమీ కాదు. నా బీఓ రోజుల్లో సరిగ్గా ఇలాగే రెవెన్యూ స్టాంపుల షీటు ఒకటి రాలేదు. నేను రాసి పంపాను, అక్కడేమో పంపామనే పట్టు. తర్వాత తేలింది ఏంటంటే పక్క బీఓ ఆయనకు ఒక షీటు ఎక్కువ వెళ్లింది, ఆయన కూడా అదే రోజు "ఎక్కువొచ్చింది" అని రాశాడు. రెండు కాగితాలూ ఒకే తేదీతో ఉండేసరికి ఎవరినీ ఎవరూ ఏమీ అనలేకపోయారు. అందుకే ఎక్కువొచ్చినా రాయాలి, లాభమేదో తగిలిందని ఊరుకోకూడదు.

ఇక బ్యాగు విప్పే వరస. అందరూ ముడి కోసేసి తర్వాత చూసుకుంటారు, అక్కడే వస్తుంది తంటా. విప్పకముందే బయట చూడండి: లక్క సీలు పగలకుండా ఉందా, ముద్ర చదవడానికి వస్తోందా, లేబుల్ మీద మీ ఆఫీసు పేరేనా, కుట్ల దగ్గర ఎక్కడైనా వదులుగా ఉందా. ప్లాస్టిక్ సీలైతే దాని నంబరు రాసుకోండి. ఏ కాస్త తేడా అనిపించినా తెచ్చినవాళ్ల ఎదుటే, ఇంకొకరిని కూడా పిలిచి, విప్పండి. పురికొస ముడి దగ్గర కాకుండా పక్కన కోయండి, ఎందుకంటే లోపల తక్కువొస్తే సీలు, పురికొస, లేబుల్, కవరు అన్నీ అలాగే దాచి పెట్టాలి, విచారణకు అవే ఆధారం. అన్నీ తీశాక సంచిని లోపలి వైపు బయటికి తిప్పి దులపండి. ఇది చాదస్తం కాదు, రూలే, మూలన ఇరుక్కున్న రిజిస్టరు కవరు కోసం ఊరంతా వెతికినవాళ్లున్నారు.

స్టాంపులంటే డబ్బే. ప్రెస్ నుంచి సర్కిల్ స్టాంప్ డిపోకు, అక్కడి నుంచి హెడ్ ఆఫీసుకు, సబ్ ఆఫీసుకు, చివరికి మీకు, ప్రతి చోటా ఎవరో ఒకరి ఖాతాలో పడి వస్తాయి. 50 పైసల పోస్టుకార్డు కూడా లెక్కే. ఆగస్టులో అమ్మకానికి వచ్చే 25 రూపాయల జెండాలు, గంగాజలం సీసాలు కూడా అంతే, బంధువులకు ఉచితంగా ఇచ్చేస్తే కట్టాల్సింది మీరే. స్టాంపు షీట్లను వానాకాలం గోడ బీరువాలో పెట్టకండి, జిగురు అంటుకుని బిళ్లలవుతాయి, మధ్యలో బటర్ పేపర్ వేసి పెడితే చాలు.

ఫారాలు, పురికొస, లక్క లాంటివి అంత కఠినం కాదు, కానీ రసీదు పుస్తకాలు వేరు. వాటికి వరస నంబర్లుంటాయి. అందగానే మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పి చూడండి, ఒక్క కాగితం లేకపోయినా వాడకం మొదలుపెట్టకముందే రాసి పంపండి. ఖాళీ రసీదు ఒకటి బయటికి పోయిందంటే దాంతో ఎవరైనా మీ పేరు మీద డిపాజిట్ వసూలు చేసుకోవచ్చు. పాడైన రసీదు చింపి పారేయకుండా, అడ్డంగా గీసి పుస్తకంలోనే ఉంచాలి.

మీరు పంపేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. మీ బీఓకు ఇంత వరకే క్యాష్ ఉంచుకోవాలని ఒక పరిమితి ఉంటుంది, దాటితే పంపేయాలి, రేపు ఎవరికో పెద్ద మొత్తం ఇవ్వాల్సి ఉండి ఉంచుకుంటే ఆ కారణం డైలీ అకౌంట్‌లో కనబడాలి. బ్యాగు కట్టేటప్పుడు డైలీ అకౌంట్, ఓచర్లు, క్యాష్ అన్నీ మీరే చేత్తో పెట్టి, మీరే సీలు వేయండి. సీలు, డేట్ స్టాంపు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఇంట్లోవాళ్లకైనా సరే. చాలామందికి ఆఫీసు ఇంట్లోనే ఉంటుంది కదా, పిల్లలు ముద్రలు కొట్టి ఆడుకున్న ఇళ్లు నేను చూశాను.

అడిగిన సామాను రాకపోతే ఫోన్‌తో ఆపకుండా రాతపూర్వకంగా అడిగి నకలు ఉంచుకోండి. రసీదులు ప్రింటయ్యే థర్మల్ రోల్ అయిపోయేదాకా ఆగితే కౌంటర్ దగ్గర జనానికి సమాధానం చెప్పాల్సింది మీరే, సగం రోల్ ఉన్నప్పుడే అడగండి. ఖాళీ సంచులు పేరుకుపోనివ్వకండి, వాటికీ లెక్కుంది, రోజూ వచ్చిన బ్యాగులోనే తిరిగి పంపండి. ముందు ఈ రోజే ఆ స్టాంపుల తేడా రాసి పంపేయండి, రేపటి తేదీతో రాస్తే "నిన్నెందుకు చెప్పలేదు" అనే ప్రశ్న మీకే వస్తుంది.