ప్లానర్ కొన్నాను, వారం రాసి వదిలేశాను

ప్రశ్న: విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంటెంట్‌గా చేస్తున్నానండీ. ఫోన్‌లో రిమైండర్లు పెట్టుకున్నా గడువులు దాటిపోతున్నాయి. ప్లానర్ కొని వారం రాశాను, తర్వాత వదిలేశాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, నేను 22 ఏళ్లు ఇదే పని చేశాను. ముందు నెల పేజీలో కదలని తేదీలు ఎర్ర పెన్నుతో రాసుకో. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను), 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్), 15న పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల భవిష్య నిధి, వైద్య బీమా డబ్బు), 20న జీఎస్టీఆర్-3బి (నెల జీఎస్టీ లెక్క చూపి పన్ను కట్టే రిటర్న్). మార్చి టీడీఎస్‌కు మాత్రం ఏప్రిల్ 30 దాకా సమయం ఉంటుంది. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే క్లయింట్ల తేదీలు వేరు, వాళ్లకు ఆకుపచ్చ రంగు వాడు.

ఇప్పుడు అసలు పని. ప్రతి గడువుకు 5 రోజుల ముందు గడిలో, ఏ క్లయింటు నుంచి ఏ కాగితం రావాలో రాయి. అమ్మకాల బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, జీతాల పట్టీ. ఆలస్యమంతా అక్కడే జరుగుతుంది. ఒక నెల 11వ తేదీ సాయంత్రం బిల్లుల కోసం ఫోన్లు చేస్తూ కూర్చున్న టెన్షన్ నాకింకా గుర్తుంది.

వదిలేసిన పేజీలను ఖాళీగానే ఉండనివ్వు, ఇవాళ్టి నుంచి మొదలుపెట్టు. ప్లానర్‌ను మాత్రం సొరుగులో పెట్టకు తల్లీ, కీబోర్డు పక్కనే తెరిచి ఉంచు.